షెర్లాక్ హోమ్స్ తిరిగొచ్చిన నెలలో...

డిటెక్టివ్ నవల చదవడం విశ్వాసికి తగునా, తగదా? యవ్వనస్థుల కూటాల్లో మాకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది. పిల్లలు కాస్త మొహమాటంగా అడుగుతారు, వారి తల్లిదండ్రులు కాస్త కోపంగా అడుగుతారు. బైబిల్లో రెండు అధ్యాయాలు చదవమంటే ఆవులించేవాడు, ఈ పుస్తకం చేతికొస్తే తెల్లవారుజాము రెండింటిదాకా లైటు ఆర్పడం లేదయ్యగారూ అన్నది తల్లుల ఫిర్యాదు. ఆ ఫిర్యాదులో న్యాయముంది. కాని చదవొచ్చనో చదవకూడదనో ఒక్కమాటలో తీర్పు చెప్పేముందు, ఆ పుస్తకం మనిషిని అంతగా ఎందుకు పట్టి ఉంచుతుందో ఆలోచించడం మంచిది. ఆ ఆకలి ఎక్కడినుండి వచ్చిందో తెలిస్తే, దాన్ని ఎటు మళ్లించాలో కూడా తెలుస్తుంది.

తెలుగువారికి ఈ ఆకలి కొత్తది కాదు. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు ఒకనాడు తెలుగిళ్లలో చుట్టాల్లా ఉండేవారు. అద్దె పుస్తకాల షాపులో కొత్త పుస్తకం వచ్చిందంటే అది ఒక ఇంటినుండి మరో ఇంటికి చేతులు మారుతూ, అట్ట ఊడిపోయేదాకా తిరిగేది. చివరి పేజీ ఎవరైనా చింపేశారో, ఆ ఊళ్లో అంతకు మించిన నేరం మరొకటి లేదు! అలాంటి పుస్తకాల్లో మనకు ఒకేసారి రెండు సుఖాలు దొరుకుతాయి. మనిషి పాతవాడే, చిక్కుముడి మాత్రం కొత్తది. మనకు తెలిసిన అదే గది, అదే కుర్చీ, అదే మాటతీరు. అయినా ఈసారి ఏం జరుగుతుందో తెలియదు. అందుకే ఒక భాగం ముగియగానే తర్వాతి భాగం కోసం మనసు కొట్టుకుంటుంది.

అలాంటి ఎదురుచూపుల్లో ప్రపంచం చెప్పుకునేది షెర్లాక్ హోమ్స్ కోసం పాఠకులు చూసిన ఎదురుచూపు. ఆర్థర్ కోనన్ డాయల్ అనే స్కాట్లాండు డాక్టరు 1887లో సృష్టించిన పాత్ర అది. 1891 నుండి లండన్‌లోని 'స్ట్రాండ్' మాసపత్రికలో నెలనెలా కథలు రావడంతో హోమ్స్ పేరు ఇంటింటికీ చేరింది. కాని రచయితకు ఆ పాత్ర మీద విసుగు పుట్టింది. 1893 డిసెంబరు కథలో హోమ్స్‌ను స్విట్జర్లాండులోని ఒక జలపాతంలో పడేసి చంపేశాడు. పాఠకులు సొంత మనిషి పోయినట్టు బాధపడ్డారు, పత్రికకు కోపంగా ఉత్తరాలు రాశారు. 1901, 1902లలో ఒక హోమ్స్ నవల సీరియల్‌గా వచ్చినా, అది అతడు చనిపోకముందు జరిగిన కథగా రాసినదే. దాదాపు పదేళ్ల తర్వాత, 1903 అక్టోబరు 'స్ట్రాండ్' సంచికలో హోమ్స్ బ్రతికి తిరిగొచ్చాడు.

ఆ కథ పేరు 'ఖాళీ ఇల్లు'. ఈనాడు చదివినా మధ్యలో ఆపలేం. ఒక యువకుడు లోపల గడియ వేసుకున్న గదిలో తుపాకీ గుండు తగిలి చనిపోయి ఉంటాడు, కాని గదిలో తుపాకీ ఉండదు. ఒక ముసలి పుస్తకాల వ్యాపారి డాక్టర్ వాట్సన్ ఇంటికి వస్తాడు. వాట్సన్ తల తిప్పి మళ్లీ చూసేసరికి ఆ ముసలివాడి స్థానంలో హోమ్స్ నవ్వుతూ నిలబడి ఉంటాడు, వాట్సన్ మూర్ఛపోతాడు. ఆ రాత్రి కిటికీలో పెట్టిన మైనపు బొమ్మను హోమ్సే అనుకుని హంతకుడు ఎదురింటినుండి కాల్చి పట్టుబడతాడు. కథ ముగిసేసరికి ప్రతి ముడీ విడిపోతుంది. దోషి చేతికి సంకెళ్లు పడతాయి. పాఠకుడు తృప్తిగా పుస్తకం మూసి, హాయిగా నిద్రపోతాడు.

ఈ తృప్తి ఎక్కడిది? సత్యం బయటపడాలి, నిర్దోషి బతికి బట్టకట్టాలి, దోషి తప్పించుకోకూడదు అనే కోరిక ప్రతి మనిషి గుండెలోనూ ఉంది. దేవుడు న్యాయవంతుడు గనుక, ఆయన స్వరూపంలో చేయబడిన మనిషికి న్యాయం కోసం దాహం ఉంటుంది. పాపం ఆ దాహాన్ని మలినం చేసిందే కాని ఆర్పలేదు. కాబట్టి డిటెక్టివ్ కథను ఇష్టపడటం దానికదే పాపం కాదన్నది మా అభిప్రాయం. బైబిలు కూడా ఇలాంటి వాటికి దూరంగా లేదు. ఒకే బిడ్డ కోసం ఇద్దరు స్త్రీలు పోట్లాడుకుంటుంటే సాక్షులెవరూ లేకుండానే సొలొమోను నిజమైన తల్లిని కనిపెట్టిన విధానం (1 రాజులు 3) చూడండి. మన ప్రొటెస్టెంట్ బైబిల్లో చేరని, కాని ప్రాచీన సంఘం ఎరిగిన దానియేలు కథల్లో ఒకదానిలో, ఒక స్త్రీ మీద అబద్ధ సాక్ష్యం చెప్పిన ఇద్దరు పెద్దలను దానియేలు విడదీసి ఒక్కొక్కరినీ వేరుగా ప్రశ్నిస్తాడు. ఏ చెట్టు కింద చూశారని అడిగితే ఒకడు ఒక చెట్టు పేరు, రెండోవాడు మరో చెట్టు పేరు చెప్పి దొరికిపోతారు. మరో కథలో గుడి నేల మీద బూడిద చల్లించి, తెల్లవారి అడుగుజాడలు చూపించి పూజారుల మోసం బయటపెడతాడు. ఒక పాస్టరు గారి కుమార్తె, ప్రసిద్ధ డిటెక్టివ్ నవలా రచయిత్రి అయిన డొరతీ సేయర్స్ 1928లో నేరపరిశోధన కథల సంకలనం ఒకటి కూర్చినప్పుడు ఈ రెండు కథలనూ అందులో చేర్చింది.

ఇంతవరకూ బాగానే ఉంది. కాని హోమ్స్ తిరిగొచ్చిన ఆ 1903 అక్టోబరు నెలలోనే, అదే ఇంగ్లండులో మరో కథ నడిచింది. అది కల్పన కాదు. అందులో ముద్దాయి మన దేశపు రక్తం పంచుకుని పుట్టిన ఒక పాస్టరు గారి అబ్బాయి.

బొంబాయిలో ఒక పార్శీ కుటుంబంలో పుట్టి, యేసుక్రీస్తును నమ్ముకుని, ఇంగ్లండు వెళ్లి వేదాంత విద్య చదివి ఆంగ్లికన్ సంఘంలో అభిషేకం పొందిన సేవకుడు షాపూర్జీ ఎదల్జీ. ఇంగ్లిషు స్త్రీని వివాహమాడాడు. స్టాఫర్డ్‌షైర్‌లోని గ్రేట్ వైర్లీ అనే బొగ్గుగనుల గ్రామంలో సెయింట్ మార్క్స్ చర్చికి 1870ల నడుమ పాస్టరుగా వెళ్లి, 1918లో కన్నుమూసేవరకూ అక్కడే సేవ చేశాడు. ఇంగ్లిషు గ్రామంలో ఇంగ్లిషువారికి వాక్యం చెప్పే భారతీయ పాస్టరు! ఆ రోజుల్లో అది ఎంత వింతో ఊహించవచ్చు. అందరికీ అది రుచించలేదు. 1890లలో ఆ ఇంటికి సంవత్సరాల తరబడి సంతకం లేని బెదిరింపు ఉత్తరాలు వచ్చాయి. వారు అడగని సామాన్లు వారి పేరుతో ఎవరో ఆర్డరిచ్చి పంపించేవారు. ఆ ఉత్తరాలు రాసింది బయటివారు కాదు, ఆ ఇంటి పెద్దకొడుకు జార్జే అని జిల్లా పోలీసు అధికారికి అనుమానం. ఆధారం లేదు. అనుమానం మాత్రం గట్టిది.

జార్జి లా చదివాడు, బర్మింగ్‌హామ్‌లో న్యాయవాదిగా స్థిరపడ్డాడు. తాగడు, ఎవరితోనూ గొడవపడడు, సాయంత్రానికి ఇంటికి చేరేవాడు. 1903లో గ్రేట్ వైర్లీ చుట్టుపక్కల రాత్రివేళల్లో గుర్రాలను, పశువులను ఎవరో కడుపుకింద కోసి చంపడం మొదలైంది. ఊరంతా భయం. ఆగస్టులో ఒక వానరాత్రి బొగ్గుగని గుర్రం ఒకటి అలాగే గాయపడింది. పోలీసులు నేరుగా పాస్టరు గారింటికి వచ్చారు. జార్జి బూట్లకు బురద ఉందన్నారు. కోటు తడిగా ఉందన్నారు, దాని మీద గుర్రం వెంట్రుకలున్నాయన్నారు. అవి వెంట్రుకలు కావు, దారపు పోగులని ఇంట్లోవారు మొత్తుకున్నారు. ఆ రాత్రి కొడుకు తనతోబాటు ఒకే గదిలో, లోపల తాళం వేసి ఉండగా పడుకున్నాడని పాస్టరు గారు కోర్టులో ప్రమాణం చేసి చెప్పారు. ఎవరూ వినలేదు. అక్టోబరులో జ్యూరీ దోషి అంది, ఏడేళ్ల కఠినశిక్ష పడింది. అతడు జైల్లో ఉండగా కూడా పశువుల మీద దాడులు ఆగలేదు. అయినా పోలీసులు తమ లెక్క మార్చుకోలేదు.

ఇంగ్లండు పాఠకులు హోమ్స్ తిరిగొచ్చాడని సంబరపడుతూ, అపరాధిని పట్టుకున్న తీరు చూసి ముచ్చటపడుతున్న నెలలోనే, పక్క జిల్లాల్లోని అదే ప్రజల మధ్య ఒక నిర్దోషి జైలుకు పోయాడు. కథలో న్యాయం గెలిస్తే చప్పట్లు కొట్టే మనిషే, తన ఊళ్లో అన్యాయం జరుగుతుంటే ఊరుకోగలడు. ఈ మాట ఇంగ్లండువారికే కాదు, మనకూ వర్తిస్తుంది.

ముసలి తండ్రి ఊరుకోలేదు. కొడుకు కేసు వివరాలతో చిన్న పుస్తకం రాసి అచ్చు వేయించాడు. జరిగింది అన్యాయమని పదివేలమంది సంతకాలతో ప్రభుత్వానికి విజ్ఞప్తి వెళ్లింది, వారిలో వందలాది న్యాయవాదులున్నారు. మూడేళ్ల తర్వాత, 1906లో ఏ వివరణా లేకుండా జార్జిని విడుదల చేశారు. నిర్దోషి అనలేదు, క్షమాపణ చెప్పలేదు. లాయరు వృత్తి చేసుకునే వీలూ లేదు. అప్పుడు జార్జి తన కథను కోనన్ డాయల్‌కు పంపించాడు.

డాయల్ ఆ సంవత్సరమే భార్యను పోగొట్టుకుని దుఃఖంలో ఉన్నాడు. అయినా ఆ కాగితాలు చదివి లేచాడు. 1907 జనవరిలో లండన్‌లోని ఒక హోటల్లో జార్జిని కలవడానికి వెళ్లాడు. జార్జి అప్పటికే వచ్చి కూర్చుని వార్తాపత్రిక చదువుకుంటున్నాడు, కాగితాన్ని కంటికి ఆనించినంత దగ్గరగా, కాస్త పక్కగా పట్టుకుని. కంటివైద్యం అభ్యసించిన డాయల్‌కు ఆ ఒక్క దృశ్యం చాలు. ఇంత చూపు తక్కువైన మనిషి, కటిక చీకటి వానరాత్రిలో పొలాలు, కంచెలు, రైలుపట్టాలు దాటుకుంటూ అర మైలు పోయి, పోలీసు కాపలా తప్పించుకుని, గుర్రాన్ని కోసి తిరిగిరాగలడా? ఆ తర్వాత డాయల్ ఆ గ్రామానికి వెళ్లాడు, దారి నడిచి చూశాడు, సాక్ష్యాలన్నీ తిరగేశాడు. చేతిరాత జార్జిదేనని కోర్టులో చెప్పిన నిపుణుడే, అడాల్ఫ్ బెక్ అనే మరో నిర్దోషి కేసులోనూ తప్పు చెప్పిన మనిషి. జార్జి కోటునూ, చనిపోయిన గుర్రం తోలు ముక్కనూ కలిపి పంపించారని, వెంట్రుకలు అలా అంటి ఉండవచ్చని వాదించాడు. అదే నెలలో 'డైలీ టెలిగ్రాఫ్' పత్రికలో రెండు దీర్ఘ వ్యాసాలు రాశాడు. ఎవరైనా ఉచితంగా అచ్చు వేసుకోవచ్చన్నాడు. దేశమంతా కదిలింది.

1907 మేలో ప్రభుత్వం జార్జికి క్షమాభిక్ష ప్రకటించింది. ఆ సంవత్సరమే న్యాయవాదుల సంఘం అతన్ని తిరిగి చేర్చుకుంది. ఇంగ్లండులో క్రిమినల్ కేసుల మీద అప్పీలు వినడానికి ప్రత్యేక కోర్టు ఏర్పడేలా అదే 1907లో చట్టం వచ్చిందంటే, దాని వెనుక బెక్ కేసుతోపాటు ఈ పాస్టరు గారి అబ్బాయి కన్నీళ్లు కూడా ఉన్నాయి. కాని ఒక సంగతి గమనించండి. గుర్రాన్ని గాయపరచింది జార్జి కాదని ఒప్పుకున్న విచారణ సంఘమే, ఆ ఉత్తరాలు మాత్రం అతడే రాసి ఉంటాడని, ఈ కష్టాన్ని తానే కొనితెచ్చుకున్నాడని తేల్చింది. అందుచేత మూడేళ్ల జైలుకు ఒక్క పైసా నష్టపరిహారం ఇవ్వలేదు. నువ్వు నిర్దోషివే, కాని నీ తప్పూ ఉందన్నమాట!

మన భాషలో దీనికి ఒక సామెతే ఉంది. నిప్పు లేనిదే పొగ రాదంటాం. ఎన్ని కుటుంబాలను ఈ ఒక్క సామెత కాల్చిందో దేవునికే తెలుసు. అది వంటింటి సామెతే కాని దేవుని వాక్యం కాదు. పొగ వేరేవాడు కూడా పెట్టగలడు. యోసేపు జీవితం చూడండి. అతని నిలువుటంగీని మేక రక్తంలో ముంచి తండ్రికి చూపించారు (ఆది. 37). యాకోబు ఆ సాక్ష్యం చూసి నమ్మాడు, ఏళ్ల తరబడి ఏడ్చాడు. తర్వాత ఐగుప్తులో అతని పైవస్త్రాన్నే పట్టుకుని పోతీఫరు భార్య నేరం మోపింది (ఆది. 39). పోతీఫరు ఒక్క ప్రశ్న కూడా వేయకుండా అతన్ని చెరసాలలో వేయించాడు. రెండుసార్లూ బట్ట నిజమే, బట్ట చెప్పిన కథే అబద్ధం. జార్జి కోటు నిజమే, తడీ నిజమే. వానపడిన రోజున ఎవరి కోటు తడవదు?

ఇప్పుడు మన సంఘాల్లోకి వద్దాం. కోత పండుగ కానుకల లెక్కలో కొన్ని వేలు తగ్గాయనుకోండి. ఆదివారం మధ్యాహ్నానికల్లా తీర్పు తయారైపోతుంది. అనుమానం ఎవరి మీదికి వెళ్తుంది? ట్రెజరరు మీదికి కాదు, కమిటీ సభ్యుల మీదికి అసలే కాదు. గుడి తాళాలు ఉండే బీద వాచ్‌మన్ మీదికి, లేదా వేరే ఊరినుండి వచ్చి కొత్తగా చేరిన కుటుంబం మీదికి వెళ్తుంది. ఈ మధ్య అతని కూతురికి కొత్త సైకిలు కొన్నాడని ఒకరంటారు. మొన్న ప్రార్థనలో అతని ముఖం అదోలా ఉందని మరొకరంటారు. ఒకప్పుడు ఆ మాట ఊరు దాటడానికి వారం పట్టేది. ఇప్పుడు వాట్సాప్ గ్రూపులో సాయంకాల ఆరాధన మొదలవకముందే అందరికీ చేరుతుంది. నెల తర్వాత ఆ డబ్బు మరో పద్దులో జమైనట్టు తేలుతుంది. అప్పుడు ఎవరైనా గ్రూపులో క్షమాపణ పెడతారా? పెట్టరు. పోనీలే, నిప్పు లేనిదే పొగ రాదు అనుకుని మర్చిపోతారు. వాచ్‌మన్ మాత్రం మర్చిపోడు. అతని కూతురు ఆ సైకిలెక్కి మళ్లీ గుడికి రాదు.

విచిత్రం ఏమిటంటే, మనం ఇష్టపడి చదివే డిటెక్టివ్ నవలలే మనకంటే న్యాయంగా ఉంటాయి. మొదటి అధ్యాయంలోనే అందరూ వేలెత్తి చూపిన బీదవాడు, పరదేశి, పనిమనిషి చివరికి నిర్దోషిగా తేలడం ఎన్ని పుస్తకాల్లో చదవలేదు? తొందరపడి తీర్పు చెప్పే ఇన్‌స్పెక్టరును చూసి మనం నవ్వుకుంటాం, నిదానంగా సాక్ష్యాలు సేకరించే డిటెక్టివును మెచ్చుకుంటాం. మరి గుడి బయట చెట్టుకింద నిలబడ్డప్పుడు మనం ఎవరి పాత్ర పోషిస్తున్నాం? 1930లో లండన్‌లో డిటెక్టివ్ రచయితలు ఒక క్లబ్బు పెట్టుకున్నారు. దానికి మొదటి అధ్యక్షుడు చెస్టర్టన్, సేయర్స్ కూడా అందులో ఉంది. తమ కథల్లో డిటెక్టివు ఊహల మీద, యాదృచ్ఛికాల మీద ఆధారపడకూడదని, ముఖ్యమైన ఆధారాన్ని పాఠకుడికి దాచకూడదని సభ్యులు సరదాగా ప్రమాణం చేసేవారు. కల్పిత హంతకుడి విషయంలో కథలు రాసేవారు పాటించిన నియమం, సజీవుడైన సహోదరుని విషయంలో మనం పాటించడం లేదంటే ఎంత సిగ్గు!

వాక్యంలో ఈ నియమం ఎప్పటినుండో ఉంది. ఒక్క సాక్షి మాట మీద ఎవరినీ దోషిగా తేల్చకూడదని, న్యాయాధిపతులు బాగుగా విచారించాలని ధర్మశాస్త్రం ఆజ్ఞాపించింది (ద్వితీ. 19:15-18). మొదట మాట్లాడినవాని వాదన న్యాయంగానే కనిపిస్తుందని, ఎదుటివాడు వచ్చి ప్రశ్నించాకే సంగతి తేలుతుందని సొలొమోను హెచ్చరించాడు (సామె. 18:17). సహోదరునితో సమస్య ఉంటే ముందు ఒంటరిగా అతనితోనే మాట్లాడమని, తర్వాత ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లమని, ఆ తర్వాతే సంఘానికి తెలియజేయమని ప్రభువు వరుస నేర్పించాడు (మత్తయి 18:15-17). మన సంఘాల్లో ఈ వరుస తల్లకిందులైంది. ముందు సంఘమంతటికీ తెలుస్తుంది, ఆ తర్వాత ఒకరిద్దరు మాట్లాడతారు, ఎవరి మీద నిందపడిందో ఆ మనిషికి అన్నిటికంటే చివర తెలుస్తుంది.

ఇంకో సంగతి కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. ఎదల్జీ కేసులో అసలు దోషి ఎవరన్నది ఏ కోర్టులోనూ రుజువు కాలేదు. డాయల్ మరో స్థానికుడి మీద అనుమానం పెంచుకుని అతడే దోషి అని గట్టిగా నమ్మాడు, కాని అధికారులు ఆ ఆధారాలు చాలవన్నారు. నిర్దోషిని విడిపించడంలో అంత జాగ్రత్తగా ఉన్న మనిషికి సైతం, దోషిని వెతికేటప్పుడు తొందర తప్పలేదు. చివరి పేజీలో అన్ని ముడులూ విప్పే అధికారం రచయితకు ఉంటుంది. ఎందుకంటే కథలోని ప్రతి మనిషినీ పుట్టించింది ఆయనే. జీవితమనే గ్రంథానికి రచయిత దేవుడు గనుక చివరి పేజీ కూడా ఆయన చేతిలోనే ఉంది. కొన్ని సంగతులు తేలవు. అలాంటప్పుడు విశ్వాసి చేయవలసింది, తేలని చోట ఎవరో ఒకరి పేరు రాసి పుస్తకం మూసేయడం కాదు. తేలలేదని ఒప్పుకోవడం, తీర్పుదినం ఒకటి ఉందని నమ్మి ఓపికపట్టడం.

అయితే తేలిపోయిన సంగతుల మాటేమిటి? దోషి నిజంగానే దొరికితే? డిటెక్టివ్ నవల సాధారణంగా అక్కడ ఆగిపోతుంది, సువార్త సరిగ్గా అక్కడే మొదలవుతుంది. ఈ తేడాను గుర్తించిన రచయితలు ఆ రంగంలోనే కొందరున్నారు. చెస్టర్టన్ సృష్టించిన ఫాదర్ బ్రౌన్ కథల మొదటి సంపుటి 1911లో వచ్చింది. అందులో ఫ్లాంబో అనే గజదొంగను ఆ పొట్టి పాస్టరు పట్టుకోవడంతో ఆగడు, మాట్లాడి మార్చుకుంటాడు. దొంగ చివరికి ఆయనకు స్నేహితుడై తానే నేరపరిశోధకుడవుతాడు. సేయర్స్ నవలల్లోని లార్డ్ పీటర్ విమ్సీ తెలివికీ హాస్యానికీ పేరుపొందినవాడు. 1937లో వచ్చిన 'బస్‌మన్స్ హనీమూన్' నవలలో అతడు హంతకుణ్ణి పట్టిస్తాడు. కాని ఉరితీసే ఉదయం వచ్చేసరికి నిలవలేకపోతాడు. ముందే జైలుకు వెళ్లి ఆ హంతకుణ్ణి క్షమాపణ అడుగుతాడు, వాడు తిరస్కరిస్తాడు. ఉరి వేళకు విమ్సీ భార్య ఒడిలో తలపెట్టి ఏడుస్తాడు. ఎన్నో పుస్తకాలుగా అతని చురుకుతనానికి మురిసిపోయిన పాఠకుడికి ఆ చివరి పేజీలు గుండెను పిండేస్తాయి. చేసింది న్యాయమే, అయినా ఒక ప్రాణం పోతున్నదన్న దుఃఖం పోలేదు. దోషి దొరికాడని మనం సంతోషించే ఆదివారాల్లో, ఇలాంటి కన్నీరు మన కళ్లలో ఎప్పుడైనా కనిపించిందా? తప్పిదంలో చిక్కుకున్నవానిని సాత్వికంతో మంచిదారికి తీసుకురమ్మని, మనమూ శోధింపబడతామేమో చూసుకొమ్మని పౌలు రాసింది ఇందుకే (గలతీ. 6:1).

డిటెక్టివ్ నవల ఇచ్చే సుఖంలో ఒక ప్రమాదం కూడా ఉంది. అందులో దోషి ఎప్పుడూ మరొకడే. ఎంత చదివినా, చివరి పేజీలో మన పేరు రాదు. అందుకే పుస్తకం మూసి హాయిగా నిద్రపోగలం. దావీదు రాజు కూడా అలాంటి పాఠకుడే. నాతాను ప్రవక్త వచ్చి, ధనవంతుడు ఒకడు బీదవాని ఏకైక గొర్రెపిల్లను లాక్కున్న కథ చెబుతుంటే దావీదు ఊపిరి బిగబట్టి విన్నాడు. కథలోని దోషి మీద భగ్గుమన్నాడు, వాడికి మరణశిక్ష అన్నాడు. అప్పుడు నాతాను ఆ దోషి ఎవరో చెప్పాడు. సింహాసనం మీద కూర్చున్నవాడే (2 సమూ. 12). ఊరియాను యుద్ధంలో ముందువరుసన నిలబెట్టి చంపించిన రాజుకు, కథలోని గొర్రెపిల్ల కోసం కోపం వచ్చింది! బైబిలు మిగతా పుస్తకాల్లాంటిది కాకపోవడానికి ఇదే కారణం. దోషి ఎవరా అని వెతుక్కుంటూ చదువుతూ పోతే, చివరికి అది మన తలుపు తడుతుంది. బైబిలు చదవడానికి మనకు ఆవులింత రావడం వెనుక బహుశా ఇదే కారణమేమో పరీక్షించుకోవాలి. విసుగుతో కాక, భయంతో కళ్లు మూసుకుంటున్నామేమో!

అబద్ధ సాక్షులు ఎంతమంది వచ్చినా ఒకరి మాట మరొకరి మాటతో కలవని ఒక విచారణ యెరూషలేములో జరిగింది. ఆ ముద్దాయిలో దోషం కనబడలేదని న్యాయాధిపతే ఒప్పుకున్నాడు, అయినా శిక్షకు అప్పగించాడు. నిర్దోషికి జరిగిన అన్యాయాలన్నిటిలోకీ అది పెద్దది. కాని ఆయన నోరు తెరవకుండా దాన్ని భరించింది దోషులమైన మన కోసం. ఆ సిలువను నమ్ముకున్న సంఘంలో ఒక నిర్దోషి అన్యాయంగా నిందపాలైతే, మనం ఎవరి పక్షాన నిలబడాలో చెప్పనవసరం లేదు. కోనన్ డాయల్ అప్పటికి చాలాకాలంగా చర్చికి దూరమైన మనిషి. అయినా ఒక పాస్టరు గారి అబ్బాయి కోసం పుస్తకాలు పక్కనపెట్టి రోడ్డుమీదికి వచ్చాడు. గాయపడినవాణ్ణి యాజకుడు దాటిపోతే సమరయుడు ఆగిన కథ మనకు తెలిసిందే.

కాబట్టి యవ్వనస్థులారా, మీ డిటెక్టివ్ పుస్తకం చదువుకోండి. హింసను, అశ్లీలాన్ని అమ్ముకునేవాటిని అవతల పారేయండి, మంచివాటిని ఎంచుకోండి, ప్రార్థన సమయాన్ని మాత్రం దానికి బలిపెట్టకండి. తల్లిదండ్రులారా, ఆ పుస్తకం లాక్కోవడానికి బదులు, కథ అయ్యాక మీ అబ్బాయిని ఒక ప్రశ్న అడగండి: వాడే దోషి అని నువ్వు మొదట ఎవరిని అనుకున్నావు, ఎందుకనుకున్నావు? ఆ జవాబులో మన ఇంటి పక్షపాతాలన్నీ బయటపడతాయి. సంఘ పెద్దలారా, ఈ ఆదివారం మీ చెవిన ఎవరి గురించైనా ఒక మాట పడితే, ముందుకు పంపించేముందు మూడు సంగతులు విచారించండి. చూసిందెవరు? రెండో సాక్షి ఎవరు? నిందపడిన మనిషిని ఎవరైనా అడిగారా? మూడింటికీ జవాబు లేకపోతే ఆ మాట మీ దగ్గరే ఆగిపోవాలి. ఇదివరకే ఎవరి మీదైనా అలాంటి నింద వేసి, అది అబద్ధమని తేలిన తర్వాత కూడా మౌనంగా ఉండిపోయామా? అయితే నిందను ఎంతమంది ముందు వేశామో, అంతమంది ముందే ఆ మనిషి పేరు కడగాలి. గ్రేట్ వైర్లీ పాస్టరు గారు కొడుకు కోసం ఎదురుచూసిన ఆ మాట ఆయన బ్రతికుండగా ఏ అధికారి నోటా రాలేదు. మన వాచ్‌మన్‌కు ఆ మాట చెప్పడానికి మనకింకా సమయముంది.